రెండు బాడీల ఫోటోలు పక్కపక్కన పెట్టేముందు

బాడీబిల్డింగ్ ఫోటోలో కట్స్ (కండల మధ్య తేలే గీతలు) అని మనం చూసేది చాలావరకు నీడనే. రెండు కండల మధ్య గాడిలో నీడ పడితే లోతుగా కనిపిస్తుంది, అక్కడికి వెలుతురు చేరితే పూడిపోయినట్టు ఉంటుంది. కాబట్టి ముందు ముక్కు కింద, గడ్డం కింద చూడండి. నీడ కిందికి పొడుగ్గా పడితే లైటు నెత్తిమీద ఉంది: ఛాతీ కింది అంచు, పొట్ట మీది గళ్లు ఉన్నదానికంటే ఎక్కువ తేలతాయి. నీడే లేకపోతే ఫ్లాషో కిటికీయో ఎదురుగా ఉంది, ఎంత గట్టి బాడీ అయినా చదునుగా వస్తుంది. ఈ రెండింటినీ పోల్చి తీర్పు చెప్పడం అన్యాయం.

ఆర్కే బీచ్‌లో పొద్దున తీసిన ఫోటోలతో మరీ జాగ్రత్త. సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. ఒడ్డు వెంబడి చూస్తూ నిలబడితే ఎండ పక్కనుంచి ఒంటిని ఒరుసుకుంటూ పోయి ప్రతి గీతనూ లేపుతుంది. అదే మనిషి సముద్రం వైపు తిరిగితే సగం కట్స్ మాయం. పైగా విశాఖ ఉక్కపోత. చెమట మెరుపు నరాలను, కండల అంచులను పెంచి చూపిస్తుంది, స్టేజి మీద నూనె చేసే పని అదే.

తరవాత దూరం. కెమెరాకు 2 మీటర్లలో ఒకరు, 2.5 మీటర్లలో ఇంకొకరు నిలబడితే ముందున్నవారు 25 శాతం పెద్దగా పడతారు. అదే అర మీటరు తేడా 5 మీటర్ల దూరంలో 10 శాతమే. గ్రూప్ ఫోటోలో సైజు తేల్చేముందు పాదాలు ఒకే గీత మీద ఉన్నాయా చూడండి. పాదాలు కనబడకపోతే ఆ ఫోటోతో సైజు మాట ఎత్తకండి.

ఎడిటింగ్ పట్టుకోవాలంటే బాడీని వదిలేసి చుట్టూ చూడాలి. నడుము పక్కన టైల్స్ గీత గానీ తలుపు అంచు గానీ వంగితే అక్కడ లాగారు. వైడ్ లెన్స్ కూడా ఫోటో అంచుల్లో గీతలను వంచుతుంది, అందుకే మధ్యభాగంలోనే వెతకండి. నిక్కరు ముడతలు, జుట్టు కూడా చెక్కినట్టు ఉంటే కాంట్రాస్ట్ పెంచారు. బ్రిటిష్ బాడీబిల్డర్ డోరియన్ యేట్స్‌కు 1993లో మిస్టర్ ఒలింపియా పోటీకి ముందు తన టెంపుల్ జిమ్‌లో తీసిన నలుపు తెలుపు ఫోటోలను ఇంకొకరి రంగుల స్టేజి ఫోటోతో పోల్చేవాళ్లున్నారు. ఫిల్మ్ వేరు, లైటు వేరు, బాడీ ఉన్న దశా వేరు.

ఏ లైటులోనైనా కాస్త నమ్మదగినవి: భుజాలకూ నడుముకూ ఉన్న వెడల్పు తేడా, పిక్క ఎక్కడ మొదలవుతుంది, బైసెప్స్ మోచేతికి ఎంత దగ్గరగా దిగింది. అదీ ఒకే పోజులో, ఒకే కోణంలో అయితేనే.

సొంత ఫోటోలు నెలనెలా పోల్చుకోవాలంటే ఫోన్‌ను ట్రైపాడ్ మీద బొడ్డు ఎత్తులో, 3 నుంచి 4 మీటర్ల దూరంలో పెట్టండి. కింద నుంచి తీస్తే తొడలు, పైనుంచి తీస్తే భుజాలు పెరుగుతాయి. 2ఎక్స్ జూమ్ పెట్టి, బ్యూటీ మోడ్ ఆపేసి, స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. నేల మీద టేపు అంటించి ప్రతిసారీ అక్కడే, అదే ట్యూబ్‌లైటు కింద, వర్కౌట్‌కు ముందు, చెమట తుడుచుకుని నిలబడండి. వెనక కెమెరానే వాడండి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరా ఫోటోను తిప్పేస్తుంది, అప్పుడు వెనకబడిన ఎడమ చెయ్యి కుడిచెయ్యిగా కనిపించి తప్పు చేతికి అదనపు సెట్లు పడతాయి.