టుంగ్రో వైరస్ చుట్టాలెవరు? మొక్కల వైరస్‌ల వర్గం తేల్చే పద్ధతి

డిగ్రీ బోటనీ పిల్లలకు వైరస్‌ల వర్గీకరణ చెప్పేటప్పుడు కోనసీమ చేలతోనే మొదలుపెడతాను. ఆకు రంగు చూసి కుటుంబం రాసేయొద్దని ముందే గట్టిగా చెబుతాను.

మొదట అది అసలు వైరసేనా అన్నది చూడండి. నువ్వుల చేలో పూలన్నీ ఆకుల్లా మారి గుబురుగా తయారయ్యే వెర్రి తెగులును చాలామంది వైరస్ కిందే రాస్తారు. అది ఫైటోప్లాస్మా, అంటే కణకవచం లేని బాక్టీరియా. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే దాని లక్షణాలు తగ్గుతాయి, వైరస్‌కు ఆ మందు పనిచేయదు.

తర్వాత దాన్ని మోసే పురుగును పట్టుకోండి. మాగాణి మినుములో పల్లాకు తెగులును తెల్లదోమ తెస్తుంది, ఆ వైరస్ జెమినివిరిడే కుటుంబానిది. అరటిలో ఆకులు గుబురుగా చేరే బంచీ టాప్ తెగులును పేనుబంక తెస్తుంది, అది నానోవిరిడే. రెండింటిలోనూ ఉన్నది గుండ్రంగా చుట్టుకున్న ఒంటిపోగు డీఎన్ఏ. పందులకు సోకే సర్కోవైరస్‌లు కూడా వీటి ఫైలంలోవే, అంటే కుటుంబాలన్నిటికీ పైనుండే పెద్ద వర్గంలోవే.

పురుగుతోనే లెక్క తేలిపోతుందనుకుంటే మాత్రం వరికి వచ్చే టుంగ్రో తెగులు దగ్గర దొరికిపోతాం. నాకు చాలా ఇష్టమైన పాఠం ఇదే. సార్వా చేలో దుబ్బు గిడసబారి, ఆకు కొన నుంచి కిందికి నారింజ రంగు దిగుతుంటే అనుమానించండి. నత్రజని లోపమో కాదో తెలియాలంటే తెల్లవారుజామునే ఆకు కొనలు కోయండి. 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల అయోడిన్, 6 గ్రాముల పొటాషియం అయొడైడ్ కలిపి, పావుగంట ముంచి కడగండి. ముదురు నీలి చారలు కనిపిస్తే టుంగ్రో అయ్యే అవకాశం ఎక్కువ. ఖాయం చేయాల్సింది మాత్రం ల్యాబే.

ఆ ఒక్క దుబ్బులో రెండు వైరస్‌లుంటాయి. కడ్డీలా ఉండేది డీఎన్ఏ వైరస్. రంగు మారడానికి, గిడసబారడానికి ముఖ్య కారణం అదే. గుండ్రంగా ఉండేది ఆర్ఎన్ఏ వైరస్, ఒంటరిగా ఉంటే పెద్దగా బయటపడదు. కానీ అది తోడు లేకపోతే కడ్డీ వైరస్‌ను పచ్చ దీపపు పురుగు మోయలేదు. ఒకే పురుగు, ఒకే మొక్క, అయినా చుట్టరికం లేదు! గుండ్రటిది సెకోవిరిడే, పోలియో వైరస్ ఉన్న పికోర్నవిరేల్స్ క్రమంలోది (క్రమం అంటే కొన్ని కుటుంబాల గుంపు). కడ్డీది కాలిమోవిరిడే. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను తిరగరాసుకునే రకం కాబట్టి హెచ్ఐవీ ఉన్న ఆర్టర్విరేల్స్ క్రమంలో చేరింది.

అందుకే నోట్సులో ముందు జన్యుపదార్థం రాయండి: డీఎన్ఏనా ఆర్ఎన్ఏనా, ఒంటిపోగా జంటపోగా, తిరగరాత ఉందా. 1971లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బాల్టిమోర్ మొదలుపెట్టిన పద్ధతి ఇదే, ఇప్పుడు అందులో ఏడు గుంపులున్నాయి. ఆ తర్వాతే వైరస్ రేణువు ఆకారం, మోసే పురుగు, చివరికి కుటుంబం. కుటుంబం పేరును అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ కమిటీ తాజా జాబితాతో సరిచూసుకోండి, పాత పుస్తకాల్లోని పేర్లు చాలా మారిపోయాయి.