మూత్రాశయ కణజాలానికి మూత్రం నుంచే మూలకణాలు: సేకరణ నుంచి నిర్ధారణ దాకా

మూత్రాశయం గోడను ల్యాబ్‌లో కట్టాలంటే లోపలి పొరకు యూరోథీలియల్ కణాలు, బయటి పొరకు నునుపు కండర కణాలు కావాలి. రోగి మూత్రాశయం నుంచే చిన్న ముక్క కోసి వీటిని పెంచడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. క్యాన్సర్ రోగుల్లో అలా తీస్తే చెడు కణాలూ వెంట వచ్చే ప్రమాదం ఉంది. వెన్నుపూస లోపంతో పుట్టిన పిల్లల్లోనేమో, నరాల అదుపు తప్పిన మూత్రాశయపు కండర కణాలు కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచినప్పుడు) కూడా సరిగా సంకోచించవు. అంటే అవసరం ఎక్కువ ఉన్నవాళ్ల దగ్గరే ఈ దారి మూసుకుపోతోంది.

ఎముక మజ్జ, కొవ్వు కణాలను కండరంగా మార్చడం తేలికే, యూరోథీలియంగా మార్చడమే కష్టం. చెంప లోపలి పొర మూత్రనాళం మరమ్మతుకు బాగా పనికొస్తుంది. అయితే మూత్రాన్ని లోపలికి ఇంకనివ్వని యూరోప్లాకిన్ కవచం దానికి సహజంగా ఉండదు. అందుకే ముందు ప్రయత్నించవలసింది మూత్రాన్నే. అందులో పెరిగే కణాలుంటాయని అమెరికాలోని వేక్ ఫారెస్ట్‌లో యువాన్యువాన్ జాంగ్ బృందం 2008లో చూపింది. మగ దాత కిడ్నీ పొందిన స్త్రీల మూత్రంలో వచ్చిన ఈ కణాల్లో వై క్రోమోజోమ్ కనిపించింది కాబట్టి ఇవి కిడ్నీ నుంచే వస్తున్నాయని తేలింది.

ఉదయం లేవగానే వచ్చే మూత్రం తీసుకోకండి. రాత్రంతా చిక్కటి, ఆమ్ల మూత్రంలో నానిన కణాలు చాలావరకు చచ్చి ఉంటాయి. దాతను నీళ్లు తాగించి, ఆ తర్వాతి మూత్రం సుమారు 200 మి.లీ. స్టెరైల్ సీసాలో పట్టండి. శుభ్రం చేసుకున్నాక మొదటి ధార వదిలేసి పట్టాలి. చర్మపు కణాలు, బ్యాక్టీరియా ఎక్కువగా అందులోనే వస్తాయి. వెంటనే ల్యాబ్‌కు చేర్చడం మంచిది. ఆలస్యం తప్పదనుకుంటే సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) కలిపిన మీడియం (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) చేర్చి 4 డిగ్రీల వద్ద ఉంచండి.

400 జి (భూమి గురుత్వానికి 400 రెట్ల బలం) వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. పెల్లెట్ (అడుగున చేరిన కణాల ముద్ద) కంటికి ఆనకపోవచ్చు కాబట్టి అడుగున 1 మి.లీ. వదిలి పై ద్రవం తీయండి. యాంటీబయాటిక్ కలిపిన పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)తో రెండుసార్లు కడగండి. 12 మి.లీ. మీడియంలో కలిపి 24 గుంటల ప్లేటులో గుంటకు అర మి.లీ. చొప్పున పోయండి. ఇలా పలుచగా పరిస్తేనే ఒక్కో కాలనీ ఒక్క కణం నుంచి పుట్టే అవకాశం ఎక్కువ.

మీడియం: కెరటినోసైట్ సీరం రహిత మీడియం సగం, 10 శాతం సీరం ఉన్న ప్రొజెనిటర్ మీడియం సగం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మొదటి మూడు రోజులు ప్లేటు కదపకండి. కణాలు అంటుకోకముందే మీడియం మారిస్తే అవీ కొట్టుకుపోతాయి. 3 నుంచి 10 రోజుల్లో బియ్యపు గింజల్లాంటి చిన్న కణాల కాలనీలు కనిపిస్తాయి. పెద్దగా, చదునుగా ఉండి విభజన చెందనివి పొలుసు కణాలు. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. గుంట 70–80 శాతం నిండగానే పాసేజ్ చేయండి, అంటే కణాలను విడదీసి కొత్త ప్లేటులోకి మార్చండి. పూర్తిగా నిండనిస్తే పెరుగుదల మందగిస్తుంది.

నిర్ధారణకు కణాల పైపొర మీద సీడీ44, 73, 90, 105, 146 అనే గుర్తు ప్రొటీన్లు ఉండాలి. సీడీ31, 34, 45 ఉండకూడదు. ఈ గుర్తులను లెక్కించే ఫ్లో సైటోమెట్రీ ఒక్కటే చాలదు, కణాలను కండరంగా, యూరోథీలియంగా మార్చి చూడాల్సిందే. అందుకు కలపాల్సిన వృద్ధి ప్రొటీన్లు ఇవి: కండరానికి టీజీఎఫ్-బీటా1 2.5 నానోగ్రాములు, పీడీజీఎఫ్-బీబీ 5 నానోగ్రాములు. యూరోథీలియానికి ఈజీఎఫ్ 30 నానోగ్రాములు. అన్నీ మి.లీ.కు లెక్క, వ్యవధి 14 రోజులు. మొదటి దానిలో డెస్మిన్, మయోసిన్ అనే కండర ప్రొటీన్లు కనిపించాలి. రెండో దానిలో యూరోప్లాకిన్ కనిపించాలి. ఆల్ఫా ఆక్టిన్ అనే మరో ప్రొటీన్ ఒక్కటే చూసి కండరమైందని ప్రకటించకండి, ఫైబ్రోబ్లాస్టులూ (సంధాన కణజాల కణాలు) దాన్ని చూపగలవు.

రెండో రోజుకే మీడియం మసకబారితే అది బ్యాక్టీరియా. ఆ ప్లేటును కాపాడే ప్రయత్నం మాని, పారేసి, కొత్త మూత్రం తీసుకోండి. కాలనీలే రాకపోతే సేకరణకూ సెంట్రిఫ్యూజ్‌కూ మధ్య గడిచిన సమయాన్ని ముందు అనుమానించండి, మీడియాన్ని తర్వాత. మొదటి పాసేజ్‌లలోనే కొన్ని వయల్స్ గడ్డకట్టించి దాచండి, ముదిరేకొద్దీ మార్పు చెందే శక్తి తగ్గుతుంది. మన దేశంలో దాత నమూనా తీసుకునే ముందే, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థలోని మూలకణ పరిశోధన కమిటీ, నైతిక కమిటీల అనుమతి, దాత రాతపూర్వక సమ్మతి చేతిలో ఉండాలి.