అరగంట ప్రాంతీయ రేడియో కార్యక్రమాన్ని సిద్ధం చేయడం ఎలా?

ప్రాంతీయ వార్తలకూ సంస్కృతికీ కేటాయించిన అరగంటలో సిగ్నేచర్ ట్యూన్, ప్రకటనలు, ముగింపు మాటలు పోగా మిగిలేది 26, 27 నిమిషాలే కనుక, పది అంశాలు కుక్కాలన్న ఆశను ముందే వదులుకోవాలి. నాలుగైదు వార్తలు, ఒకే ఒక సాంస్కృతిక అంశం, స్థానిక సమాచారం చాలు. జాతీయ బులెటిన్‌లో వచ్చేసిన వార్తను, దానివల్ల ఈ ప్రాంతంలో ఎవరికి ఏం మారుతుందో చెప్పగలిగితేనే తీసుకోవాలి.

పత్రిక చదివేవారు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోగలరు గాని, శ్రోతకు ఆ వీలు లేదు. అందువల్ల వార్త రాసేటప్పుడు ఒక వాక్యంలో ఒకే విషయం ఉంచి, హోదాను పేరుకు ముందు చెప్పి, ‘సదరు’, ‘పైన పేర్కొన్న’ వంటి కాగితపు మాటలు తీసేసి, 18,72,400 రూపాయలను ‘దాదాపు 18 లక్షల 70 వేల రూపాయలు’ అని చదవాలి. ఊరి పేరు ఎలా పలకాలో ఆ ఊరివారినే ఫోనులో అడగడం మేలు. పేరే తప్పు పలికిన వారి వార్తను అక్కడివారు అంత తేలిగ్గా నమ్మరు.

అసలు శ్రమంతా సాంస్కృతిక అంశం దగ్గరే. కళాకారుణ్ణి స్టూడియోకు పిలిచి ‘మీ కళ గొప్పతనం చెప్పండి’ అంటే సన్మాన సభలో ప్రసంగమే వస్తుంది. సాధన జరిగే చోటికే వెళ్లి, ‘దరువు ఎక్కడ మారుతుందో వాయించి చూపండి’ అని అడిగితే చేయీ మాటా కలిసి వినిపిస్తాయి. మాటలకు మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకుంటే ‘ప’, ‘భ’ అక్షరాల గాలి దెబ్బ తగలదు. వాద్యానికి ఇంకా దూరం జరగాలి. ఫ్యాను ఆపించాలి. ఎదుటివారు మాట్లాడుతుండగా ‘ఊఁ’, ‘ఆహా’ అనకుండా తల మాత్రమే ఊపాలి, ఎందుకంటే వారి మాటపై పడిన మన గొంతును తరువాత విడదీయడం దాదాపు అసాధ్యం. చివరగా ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, ఎడిటింగులో కోత పడిన చోట అతుకు తెలియకుండా అదే కాపాడుతుంది. ప్రసారానికి వారి అనుమతిని కూడా అప్పుడే వారి గొంతుతో నమోదు చేసుకోవాలి. ఫైలును ఎంపీ3గా కాక, ధ్వనిని కుదించకుండా ఉంచే వేవ్‌గా దాచాలి. ఎంపీ3ని మళ్లీ మళ్లీ సేవ్ చేసినకొద్దీ నాణ్యత తగ్గుతుంది.

ప్రత్యక్ష ప్రసారంలో సమయం మిగిలితే చదవడానికి నిమిషంన్నర అంశం ఒకటి చేతిలో ఉంచుకోవాలి. ప్రసారమైన వార్తలో తప్పు దొర్లితే, మరుసటి కార్యక్రమం మొదట్లోనే, సంజాయిషీ లేకుండా సరైన వివరాన్ని చెప్పాలి.