బరువు తగ్గించే ఆపరేషన్: ఏ రకమో తేల్చుకునే ముందు

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం వచ్చేవారిలో చాలామంది డాక్టరు గదిలో అడుగుపెట్టేసరికే సగం నిర్ణయం తీసుకుని ఉంటారు. తెలిసినవారిలో ఎవరికో స్లీవ్ (జీర్ణాశయాన్ని కోసి సన్నని గొట్టంలా చేసే ఆపరేషన్) చేశారు, ఏడాది తిరిగేసరికి ఆ మనిషిని గుర్తుపట్టలేకపోయారు, కాబట్టి తనకూ అదే కావాలంటారు. లేదా బైపాస్ (గుండెది కాదు, ఆహారాన్ని చిన్నపేగులోకి దారి మళ్లించేది) అయితే ఇంకా ఎక్కువ తగ్గుతుందని ఎక్కడో చదివి ఉంటారు. ఎటు తిప్పినా ప్రశ్న ఒకటే: దేనితో ఎన్ని కిలోలు? ఆ ప్రశ్నను చివరికి నెట్టేయమని నా సలహా. ప్రధానమైన ఈ రెండు ఆపరేషన్ల మధ్య కిలోల్లో తేడా జనం అనుకునేంత లేదు. తర్వాత వచ్చే ఇబ్బందుల్లో మాత్రం చాలా తేడా ఉంది. మీ ఒంట్లో ఇప్పటికే ఉన్న జబ్బుల్లో దేనికి ఏ ఆపరేషన్ ఆజ్యం పోస్తుందో, దేన్ని ఏది చల్లారుస్తుందో ముందు తేలాలి.

అర్హత సంగతి క్లుప్తంగా. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె) 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం, అధిక రక్తపోటు వంటివి ఉన్నవారికి ఆపరేషన్ చేయవచ్చని 1991లో అమెరికాలో ఒక గీత గీశారు. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని సవరించాయి. 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చేయవచ్చు, 30 నుంచి 35 మధ్య ఉండి మధుమేహం వంటివి ఉంటే ఆలోచించవచ్చు. ఆసియా మూలాలవారికి తక్కువ బరువుకే ఈ జబ్బులు చుట్టుకుంటాయి కనుక 27.5 నుంచే పరిశీలించవచ్చు. అయితే అర్హత ఉన్నంత మాత్రాన అవసరం ఉన్నట్టు కాదు. బరువు తగ్గించే సెమగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి మందులు వచ్చాక పరిస్థితి మారింది. వాటి ఊసెత్తకుండా నేరుగా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట కాస్త ఆగి ఆలోచించండి. లైపోసక్షన్‌ను కూడా ఈ కోవలో లెక్కవేసేవారున్నారు. అది చర్మం కింది కొవ్వును లాగేస్తుందే తప్ప ఆకలి మీద, షుగరు మీద దాని ప్రభావం ఏమీ ఉండదు.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్‌తో కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా బయటకు తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా తొలగించిన ముక్కతో పాటే పోతుంది. తొలి నెలల్లో ఆకలి ఊసే ఉండదని రోగులు చెప్పడానికి ఇది ఒక కారణం. తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టడం కుదరదు. అవసరమైతే తర్వాత దీన్ని బైపాస్‌గా మార్చవచ్చు గానీ, వెనక్కి పోయే దారి లేదు.

బైపాస్‌లో జీర్ణాశయం పై కొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచీని విడదీసి, చిన్నపేగును కోసి దానికి కలుపుతారు. మిగతా జీర్ణాశయం, పేగు మొదటి భాగం శరీరంలోనే ఉంటాయి, ఆహారం మాత్రం అటు వెళ్లదు. ఇక్కడ రెండు చోట్ల అతుకులు పడతాయి. పేగును అటూ ఇటూ మళ్లించడంతో ఏర్పడే సందుల్లో కొన్నేళ్ల తర్వాత కూడా పేగు ఇరుక్కుని మెలిపడే ప్రమాదం ఉంది. కాబట్టి బైపాస్ అయినవారికి ఎప్పుడైనా ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. తీపి పదార్థాలు తిన్న కాసేపటికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనాలయ్యే డంపింగ్ అనే స్థితి కూడా దీనిలోనే ఎక్కువ. ఇది తీపి మానిపించే గురువు లాంటిదని కొందరు సర్జన్లు సరదాగా అంటారు. అనుభవించేవారికి అంత సరదాగా ఉండదు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే, సర్దుబాటు చేసుకోగల బ్యాండ్ ఒకప్పుడు జోరుగా నడిచింది. అది జారడం, కోసుకుపోవడం, తీయించుకోవడానికి మళ్లీ ఆపరేషన్ చేయడం ఎక్కువ కావడంతో ఇప్పుడు చాలా తగ్గిపోయింది. కడుపులో ఉంచే బెలూన్ అసలు ఆపరేషనే కాదు, చాలా రకాలను ఆరు నెలలకు తీసేస్తారు, తీశాక బరువు తిరిగి రావడం మామూలే. మినీ బైపాస్‌లో అతుకు ఒక్కటే, పని త్వరగా అవుతుంది. కానీ పిత్తరసం పైకి ఎగదన్నే అవకాశం ఉంది, మళ్లించే పేగు పొడవు ఎక్కువైతే విరేచనాలు, పోషకాల లోపం ముదురుతాయి. స్లీవ్‌తో పాటు చిన్నపేగులో చాలా భాగాన్ని దారి తప్పించే డ్యూయోడినల్ స్విచ్ అన్నిటికంటే ఎక్కువ బరువు తగ్గిస్తుంది, పోషకాలనూ అన్నిటికంటే ఎక్కువ పోగొడుతుంది. క్రమం తప్పకుండా పరీక్షలకు వెళ్లే అలవాటు లేనివారు దాని దరిదాపుల్లోకి పోకూడదు.

ఇక కిలోల లెక్క. స్లీవ్‌ను, బైపాస్‌ను పక్కపక్కన పెట్టి ఫిన్లాండ్‌లో, స్విట్జర్లాండ్‌లో వేర్వేరుగా ఐదేళ్లు పరిశీలించారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అదనపు బరువులో (ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉన్న బరువులో) తగ్గినది ఫిన్లాండ్‌లో స్లీవ్ వారికి సగటున 49 శాతం, బైపాస్ వారికి 57 శాతం. స్విట్జర్లాండ్‌లో అదనపు బీఎంఐ లెక్కన 61, 68 శాతాలు. తేడా ఉంది, ఒప్పుకోవాలి. కానీ ఆ స్విట్జర్లాండ్ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. ముందునుంచీ ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారిలో స్లీవ్ తర్వాత అవి ముదిరినవారు దాదాపు 32 శాతం, బైపాస్ తర్వాత ముదిరినవారు 6 శాతం చిల్లర. నన్నడిగితే నిర్ణయానికి పనికొచ్చే అంకె ఇది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. స్లీవ్‌తో జీర్ణాశయం ఇరుకైన గొట్టమై లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. బైపాస్‌లో ఆమ్లం తయారయ్యే భాగం దారి నుంచి తప్పుకుంటుంది కాబట్టి మంట చాలామందికి తగ్గుతుంది. చిక్కల్లా రోగి ఇచ్చే జవాబులోనే ఉంది. “ఛాతీలో మంట వస్తుందా?” అని డాక్టరు అడుగుతారు. “లేదండీ” అంటారు. “రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా?” అంటే, “మాత్రలేం లేవు, రాత్రి పడుకునే ముందు గ్యాస్ మాత్ర ఒకటి, అంతే, చాలా కాలంగా అలవాటు” అంటారు. మంట లేనిది ఆ మాత్ర వల్లే. ఆ మాత్ర గురించి చెప్పకపోతే స్లీవ్ అయ్యాక ఒక మాత్ర రెండవుతుంది, చివరికి మంట తట్టుకోలేక బైపాస్‌గా మార్చుకోవలసి రావచ్చు. అందుకే స్లీవ్ వైపు మొగ్గేవారు ముందుగా ఎండోస్కోపీ చేయించుకోవాలి. అన్నవాహిక చివర పుండ్లు, కణాల మార్పు కనిపిస్తే స్లీవ్ ఆలోచన మానుకోవడమే మంచిది. ఏమీ లేదని తేలి చేయించుకున్నా, మంట లేకపోయినా, కొన్నేళ్లకోసారి మళ్లీ గొట్టం వేసి చూడాలి.

మధుమేహం ఉంటే తూకం ఇంకోలా మారుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మందితో మొదలుపెట్టిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగరు 6 శాతం లేదా అంతకంటే తక్కువలో నిలిచినవారు మందులతో మాత్రమే 5 శాతం, స్లీవ్‌తో 23 శాతం, బైపాస్‌తో 29 శాతం. జబ్బు వచ్చి ఎన్నేళ్లయితే, ఇన్సులిన్ ఎంతకాలంగా వాడుతుంటే, పూర్తిగా తగ్గే అవకాశం అంత తక్కువ. “షుగరు మాయం” అని ఎవరైనా గంపెడాశ పెడితే, మీ జబ్బు వయసు చెప్పి మళ్లీ అడగండి. ఆపరేషన్‌కు ముందు కంటి పరీక్ష మరవకండి, షుగరు ఒక్కసారిగా పడిపోతే రెటీనా జబ్బు కొందరిలో ముదురుతుంది.

తర్వాత మీరు వాడే మందుల చిట్టా. మోకాళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి లేకుండా గడవని వారికి బైపాస్ పేచీ పెడుతుంది. ఆ మాత్రలు అతుకు దగ్గర పుండు చేస్తాయి, పొగతాగడం కూడా అంతే. పుండు రక్తం కారవచ్చు, చిల్లు పడవచ్చు. సిగరెట్ మానలేనని మీకు లోలోపల తెలిసినప్పుడు బైపాస్‌కు సంతకం చేయకండి. నిదానంగా కరిగే రకం మాత్రలు, మూర్ఛకు, మానసిక అనారోగ్యానికి, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు బైపాస్ అయ్యాక ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, వాటి మోతాదు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి. పేగుల్లో క్రోన్స్ జబ్బు (దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) ఉన్నవారికి, కడుపులో పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కుపోయినవారికి సాధారణంగా స్లీవ్ వైపే మొగ్గుతారు. మద్యం మాటకొస్తే, ఆపరేషన్ తర్వాత కొద్దిగా తాగినా త్వరగా తలకెక్కుతుంది, కొత్తగా అలవాటు పడేవారూ ఉన్నారు. ఇదివరకే ఆ బలహీనత ఉన్నవారు డాక్టరు దగ్గర దాచకూడదు.

ఏ రకమైనా విటమిన్లు జీవితాంతం తప్పవు. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి ముఖ్యం. బైపాస్‌లో లోటు ఎక్కువ కాబట్టి స్లీవ్‌తో మాత్రలు అక్కరలేదనుకుంటారు, అది తప్పు. నెలసరి వచ్చే స్త్రీలలో ఇనుము లోటు తొందరగా బయటపడుతుంది. గర్భం విషయంలో 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బరువు తగ్గగానే అంతకుముందు రాని గర్భం అనుకోకుండా రావడం ఉంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా పట్టకపోవచ్చు. వేరే పద్ధతి ముందే చూసుకోవాలి.

తేదీ ఖాయమయ్యాక చాలాచోట్ల రెండు వారాల పాటు తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు. ఇది మనోబలం పరీక్షించడానికని చాలామంది అనుకుని ఒకటి రెండు రోజులు ఎగ్గొడతారు. అసలు కారణం కాలేయం. దాని ఎడమ భాగం జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది, సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకునే కింద పని చేయాలి. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం లేవదు, లేపితే చీలి రక్తం కారుతుంది. రెండు వారాల పథ్యంతో అది కుంచించుకుపోతుంది. ఆ పథ్యంలో ఉండగా ఇన్సులిన్, షుగరు మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది, మోతాదు తగ్గించమని మీరే అడగండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకుంటే షుగరు అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. బరువు తగ్గే ఇంజక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకు చెప్పాలి, వాటి వల్ల కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది. గురక గట్టిగా పెట్టేవారు, పగలు కునికిపాట్లు పడేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బయటపడితే మత్తు ఇచ్చే తీరు, ఆ రాత్రి కనిపెట్టుకుని ఉండే తీరు మారతాయి.

సర్జన్‌ను అడగవలసిన వాటిలో నేను మొదట పెట్టేది: మీరు ఏడాదికి ఏ రకం ఎన్ని చేస్తారు? ఒక్క రకమే చేసే చోట వచ్చిన ప్రతి రోగికీ ఆ రకమే సరిపోతుందని తేలుతుంటుంది, ఆశ్చర్యమేమీ లేదు. రాత్రివేళ ఏదైనా అయితే ఎవరు ఫోను ఎత్తుతారో, అతుకు లేదా స్టేప్లర్ గీత విడి లోపలి ద్రవం కారితే అక్కడే సరిచేయగలరో లేదో కూడా అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడేవారి చేతిలో పొట్ట పెట్టనక్కరలేదు.

ఇంటికి వచ్చాక తొలి వారాల్లో భయపడవలసింది అతుకు కారడం గురించి. దీనికి పెద్ద నొప్పి ఉండి తీరాలని లేదు. కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, చెప్పలేని ఆందోళన, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. కాలి పిక్క ఒకటే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అప్పుడూ వెంటనే వెళ్లాలి.

వాంతులు రోజుల తరబడి ఆగకపోవడం ఇంకో ప్రమాదం. బి1 విటమిన్ నిల్వలు కొద్ది వారాల్లోనే అడుగంటుతాయి. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక పడటం మొదలైతే మెదడు దెబ్బతింటున్నట్టే. అలాంటప్పుడు వేరే ఆసుపత్రికి వెళితే నీరసంగా ఉన్నారని ముందు గ్లూకోజ్ సీసా ఎక్కిస్తారు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. బి1 ఇంజక్షన్ ముందు, గ్లూకోజ్ ఆ తర్వాత. రోగికి ఆ మాట చెప్పే ఓపిక ఉండకపోవచ్చు కాబట్టి వెంట ఉండేవారికి ముందే నేర్పి ఉంచండి. ఆపరేషన్ రకం, తేదీ, సర్జన్ ఫోను నంబరు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం చూడకుండా నెట్టవద్దన్న హెచ్చరిక, నొప్పి మాత్రల్లో ఏవి పనికిరావో రాయించిన కాగితం ఒకటి మీ పర్సులో, ఇంకొకటి వారి దగ్గర ఉండాలి.