గోళ్ల పరీక్షకూ ఊపిరి పరీక్షకూ వెళ్లే ముందు

నాకు స్క్లెరోడెర్మా, అంటే చర్మం గట్టిపడుతూ, రక్తనాళాలనూ ఊపిరితిత్తులనూ కూడా దెబ్బతీయగల జబ్బు. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, ఆపైన నీలంగా మారడంతో బయటపడింది. కొత్తగా ఈ పరీక్షలకు వెళ్లేవాళ్లు టెన్షన్ పడకూడదని ఇది రాస్తున్నాను.

మొదటిది కేపిలరోస్కోపీ. గోరు మొదట్లో చర్మం కింద ఉండే సన్నని రక్తనాళాలను పెద్దవి చేసి చూస్తారు, నొప్పేమీ ఉండదు. రెండు మూడు వారాల ముందు నుంచే గోళ్ల చుట్టూ చర్మం కత్తిరించకండి, కొరకకండి. నెయిల్ పాలిష్ వద్దు, గోరింటాకు అసలే వద్దు. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకుతో వెళ్లి, నాళాలు సరిగ్గా కనబడక నేను వెనక్కి వచ్చేశాను. ఏసీ చలి తగలని గదిలో 15, 20 నిమిషాలు కూర్చున్నాకే చూడమనండి. నాళాలు ఉబ్బాయా, రక్తం చిమ్మిన మచ్చలున్నాయా, నాళాలే లేని ఖాళీలున్నాయా అని అడగండి. ఖాళీలు పెరుగుతుంటే ఊపిరితిత్తుల మీద మరింత కన్నేసి ఉంచాలి.

రెండోది పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష. అందులో ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బలంగా వదిలిన గాలి మొత్తం ఎంతో చెప్పే అంకె) ఒక్కటే చూసి ఊరుకోకండి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి ఎంత బాగా దాటగలదో చెప్పేది డీఎల్‌సీఓ. దానికి దాదాపు 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఇంట్లో గడియారం చూస్తూ సాధన చేసుకున్నాను. రక్తహీనత ఉన్నా ఈ అంకె తగ్గుతుంది, కాబట్టి హిమోగ్లోబిన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. ఎఫ్‌వీసీ నిలకడగా ఉండి డీఎల్‌సీఓ మాత్రమే పడిపోతుంటే, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరుగుతోందేమో. ఎకో (గుండె స్కాన్) ఎప్పుడు చేయించాలో ఆరోజే డాక్టర్‌ని అడగండి.

చల్లబడ్డ వేలికి పెట్టిన ఆక్సీమీటర్ తప్పు చూపించవచ్చు. చేతులు వెచ్చబరుచుకుని మళ్లీ పెట్టించుకోండి.