బ్రిడ్జి స్వయంబోధిని – ఏడవ పాఠం: వేలం ముగిశాక రక్షకుని లెక్క

గత పాఠంలో తొలి ముక్కను ఎంచుకోవడం గురించి, పొడవైన రంగులో పైనుంచి నాలుగవ ముక్కను ఆడే పద్ధతి గురించి తెలుసుకున్నాము. ఆ ముక్క బల్లమీద పడి, డమ్మీ (వేలం గెలిచినవాని భాగస్వామి అందరికీ కనబడేలా పెట్టే చేయి) పరుచుకున్న దగ్గర ఈ పాఠం మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు మనలో చాలామంది రమ్మీ నుంచి బ్రిడ్జికి వచ్చినవారమే. రమ్మీలోనూ 13 ముక్కలే, బ్రిడ్జిలోనూ 13 ముక్కలే. అయితే రక్షణలో, అంటే వేలం గెలిచిన జంటను ఓడించే ఆటలో, మన 13 ముక్కల విలువ, భాగస్వామి చేతిలో మనకు కనబడని 13 ముక్కలను బట్టి మారిపోతుంది. వాటిని ఊహతో కాక లెక్కతో కనిపెట్టవచ్చునని ఈ పాఠంలో చూపదలచాను.

వేలంలో దక్షిణం 1 నో ట్రంప్ (తురుపు రంగు లేని ఆట) అన్నాడు, ఉత్తరం 3 నో ట్రంప్ అన్నాడు, మిగిలినవారు పాస్ అన్నారు. 1 నో ట్రంప్ అంటే 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) అన్నది మనం పాటిస్తున్న ఒప్పందం. మీ భాగస్వామి పడమర ఆఠీను 4 ఆడాడు. మీరు తూర్పున కూర్చున్నారు.

డమ్మీ (ఉత్తరం): ఇస్పేటు 7 5, ఆఠీను 8 6 3, డైమండు రాజు, రాణి, జాకీ, 10, 4, కళావరు ఆసు, జాకీ, 3.

మీ చేయి (తూర్పు): ఇస్పేటు రాణి, జాకీ, 10, 6, 3; ఆఠీను ఆసు, 9; డైమండు ఆసు, 8, 2; కళావరు 8 6 4.

డమ్మీ నుంచి 3 పడింది, మీరు ఆసు వేశారు, దక్షిణం జాకీ వేశాడు. ట్రిక్కు (నలుగురూ ఒక్కో ముక్క వేసే విడత) మీది. ఇప్పుడు ఏమి ఆడాలి? భాగస్వామి ఆడిన రంగునే తిరిగి ఆడాలన్న పాత సలహా ప్రకారం చాలామంది చేయి ఆఠీను 9 మీదికి పోతుంది. ఆ ముక్కను తీయకముందే లెక్క పూర్తి చేయాలి.

3 నో ట్రంప్‌కు డిక్లేరర్ (వేలం గెలిచి ఆడే దక్షిణం) 9 ట్రిక్కులు గెలవాలి, కనుక మనకు 5 ట్రిక్కులు కావాలి. ఆఠీను ఆసు వచ్చింది, డైమండు ఆసు వస్తుంది. ఇంకా 3 వెతకాలి. ఇక పాయింట్లు చూడండి. పేకలో మొత్తం 40 పాయింట్లు. డమ్మీలో 11, మీ చేతిలో 11 పోగా 18 మిగులుతాయి. వాటిలో దక్షిణానికి కనీసం 15 ఉంటాయి కనుక భాగస్వామికి ఉండగలిగినవి 1 నుంచి 3 మాత్రమే. అంటే మహా అయితే ఒక రాజు, లేదా ఒక రాణి, ఒక జాకీ కలిపి. ఇంత స్పష్టమైన సమాచారం వేలంలోనే అందినా దానిని వాడుకోకపోవడమే రక్షణలో అన్నిటికంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

పేకాట రచయిత ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పదకొండు సూత్రం (పైనుంచి నాలుగవదిగా ఆడిన ముక్క అంకెను 11లోంచి తీసివేయడం) ఇక్కడ మరికొంత చెబుతుంది. 11లోంచి 4 తీసివేస్తే 7. పడమర కాక మిగిలిన మూడు చేతుల్లో ఆఠీను 4 కంటే పెద్ద ముక్కలు ఏడు ఉన్నాయన్నమాట. డమ్మీలో 8, 6, మీ దగ్గర ఆసు, 9 కలిసి నాలుగు. కనుక దక్షిణానికి మూడు, వాటిలో ఒకటి ఇప్పుడు పడిన జాకీ. భాగస్వామికి ఆఠీను రాజే ఉన్నా, రాణే ఉన్నా, ఆ రంగు గెలుపు ముక్కలుగా మారేలోగా అతని పాయింట్లు అయిపోతాయి. వాటిని అనుభవించడానికి ఆట అతని చేతికి మళ్లీ వెళ్లే దారి ఉండదు. డైమండు ఆసుతో మీరు ట్రిక్కు గెలిచేనాటికి మీ దగ్గర ఆఠీను ఉండదు.

కాబట్టి ఆ 3 ట్రిక్కులు మీ ఇస్పేటులోనే పుట్టాలి. భాగస్వామికి ఇస్పేటు రాజు ఉంటే అది సాధ్యం. లేకపోతే ఈ కాంట్రాక్టును (వేలంలో మాట ఇచ్చిన 9 ట్రిక్కులను) ఓడించే మార్గం కనబడదు. కాంట్రాక్టును ఓడించడానికి ఏ ముక్క అవసరమో ఆ ముక్క భాగస్వామి దగ్గర ఉందని నమ్మి, వేలం దానికి అడ్డు చెప్పనంతవరకు ఆ నమ్మకంతోనే ఆడాలి. ఇస్పేటు రాణి ఆడండి.

అసలు పంపకంలో దక్షిణం చేయి ఇది: ఇస్పేటు ఆసు, 9, 2, ఆఠీను రాజు, రాణి, జాకీ, డైమండు 9 6 3, కళావరు రాజు, రాణి, 9, 2. పడమరది ఇస్పేటు రాజు, 8, 4. ఆఠీను 10 7 5 4 2. డైమండు 7 5. కళావరు 10 7 5. ఆఠీను తిరిగి ఆడి ఉంటే, డిక్లేరర్ గెలిచి డైమండు ఆసును బయటకు లాగి, పదికి మించి ట్రిక్కులు తీసుకునేవాడు.

ఇస్పేటు రాణికి దక్షిణం 2 వేసి వదిలేశాడనుకుందాం. మీరు జాకీ ఆడగా అతడు ఆసు వేశాడు. ఇక్కడ పరీక్ష పడమరది. అతని చేతిలో రాజు, 8 ఉన్నాయి, ఆసు పడిన తర్వాతే అతని వంతు వస్తుంది. అతడు 8 వేసి రాజును దాచుకుంటే, మీరు తర్వాత 10 ఆడినప్పుడు ఆ రాజే ట్రిక్కు గెలిచి దారి మూసేస్తుంది. మీ 6, 3 మీ చేతిలోనే ఉండిపోతాయి, మనకు నాలుగే ట్రిక్కులు వచ్చి కాంట్రాక్టు నిలుస్తుంది. ఆసు కింద రాజును పారేస్తే మనకు 6 ట్రిక్కులు, డిక్లేరర్ రెండు డౌన్ (మాట ఇచ్చినదానికి రెండు ట్రిక్కులు తక్కువ). పడమర కూడా మీలాగే లెక్క వేయగలడు: తన 3, డమ్మీ 11, దక్షిణం 15 నుంచి 17 పోగా మీకు 9 నుంచి 11. మీరు చూపినవి 7 కనుక ఆట మీ చేతికి మళ్లీ వస్తుందని అతనికి తెలియాలి.

చివరిగా ఒక హెచ్చరిక. డిక్లేరర్ డైమండు ఆడగానే మొదటి విడతలోనే ఆసు వేయండి. డమ్మీలో పొడవైన రంగు కనబడితే ఆసును ఆపి ఉంచడం మంచి అలవాటే, కానీ ఇక్కడ అతనికి మిగతా రంగుల్లో 7 ట్రిక్కులు సిద్ధంగా ఉన్నాయి. రెండుసార్లు ఆపితే 9 పూర్తవుతాయి.

అభ్యాసం: మీ చేయి ఇదే. వేలం మాత్రం 1 నో ట్రంప్ – 2 నో ట్రంప్ – 3 నో ట్రంప్, అంటే దక్షిణానికి 16 లేదా 17. డమ్మీలో డైమండు జాకీ, కళావరు జాకీ బదులు చిన్న ముక్కలు ఉన్నాయి. తొలి ట్రిక్కులో దక్షిణం ఆఠీను 7 వేశాడు. భాగస్వామికి ఎన్ని పాయింట్లు ఉండవచ్చు? ఆఠీను 9, ఇస్పేటు రాణి – ఈ రెంటిలో ఒక్కొక్కటి భాగస్వామి చేతిలో ఏ ముక్కలుంటే ఫలిస్తుంది? పేక లేకుండానే చేయవలసిన లెక్క ఇది. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరంలో దిగేలోగా చేయవచ్చు. జవాబును కాగితంమీద రాసి ఉంచుకోండి, ఎనిమిదవ పాఠం దానితోనే మొదలవుతుంది.