వేడెక్కితే ఆగిపోయే ఫియట్ 1100 ఎట్లా బాగైంది: నా అనుభవం

బాపు ఫియట్ 1100 హన్మకొండలో మా ఇంటి రేకుల షెడ్డులో పదేళ్లు పడి ఉంది. రంగు, సీట్లు, బ్రేకులు తేలిగ్గానే అయ్యాయి. కానీ వరంగల్ కోట దాకా వెళ్తే చాలు, ఇంజను వేడెక్కి ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్లీ స్టార్టయ్యేది.

ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందనుకున్నాను. పంపు మీద తడిగుడ్డ చుట్టాను, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. లాభం లేదు. ఓ పాత మెకానిక్ కాకా మాత్రం "పెట్రోలు గాదు బిడ్డా, ఆగినప్పుడే కరెంటు సూడు" అన్నాడు.

ఆ మాటే బండిని బతికించింది. ఆగిన చోటే స్పార్క్ ప్లగ్గు విప్పి, బాడీకి ఆనించి, తమ్ముడితో సెల్ఫ్ కొట్టించాను. నీలంగా రావాల్సిన నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా వచ్చింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు మాడి నల్లబడ్డాయి. పాయింట్ల దగ్గర నిప్పు రేగకుండా ఆపే కండెన్సర్ వేడికి చేతులెత్తేస్తోంది. దాంతో పాయింట్ల దగ్గరే మంట రేగి, ప్లగ్గుకు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్‌కు బలం చాలట్లేదు. పాయింట్లు, కండెన్సర్ రెండూ కొత్తవి వేసి, పాయింట్ల సందు 0.45 మిల్లీమీటర్లకు పెట్టాను.

ఫియట్ అంటే నాకు పాత కార్ల రేసులు కూడా గుర్తొస్తాయి. 1907లో ఇటలీ రేసు డ్రైవర్ ఫెలిచే నజారో ఫియట్ కార్లతోనే టార్గా ఫ్లోరియో, కైజర్‌ప్రీస్, ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ మూడు రేసులూ గెలిచాడు. ఆ రోజుల్లో డ్రైవర్ పక్క సీట్లో మెకానిక్ కూడా కూర్చునేవాడు. 1906 తొలి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో రెనో కారు గెలుపుకు, టైరుతో సహా విప్పి మార్చే మిషలిన్ కంపెనీ చక్రాల రిమ్ములు ఎంతో కలిసొచ్చాయి. రోడ్డు పక్కన రెంచితో కూర్చున్నప్పుడు ఆ మెకానిక్కులే నాకు గుర్తొచ్చేవారు.

మొన్న మే ఎండలో బాపును ఎక్కించుకొని రామప్ప దాకా వెళ్లొచ్చాం. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు.